కళ్లం అంచున విడిచిన బూట్లు

జింకల వెంట నడిచేవాళ్ళకు జాగ్రత్తలు చెప్పాలంటే మా ఆఫీసులో ఇప్పుడు నన్నే పిలుస్తారు. కొత్తగా చేరిన వాచర్లను హాల్లో కూర్చోబెట్టి, గోడకు కట్టిన చార్టు ముందు నన్ను నిలబెడతారు. నీళ్ళ సీసా, చేతికర్ర, ఈల, కరెంటు టెస్టరు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు. ఒక్కోదాన్నీ పైకెత్తి చూపించి అది దేనికో చెబుతాను. బూట్ల దగ్గరికొచ్చేసరికి ఒకటికి రెండుసార్లు చెబుతాను. ఎవరూ గమనించరు. మధ్యాహ్నం భోజనంలో కోడికూర ఉందా లేదా అన్నదాని మీదే వాళ్ళ ధ్యాసంతా. కొత్తలో నేనూ అంతే కాబట్టి వాళ్ళను తప్పుపట్టను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ హాల్లో నిలబడిన ప్రతిసారీ నాకు తెలిసొస్తుంది.

మాది కడప. మా నాన్న బండలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంట్లో బండల దుమ్మే తప్ప చేని మట్టి ఎరగము. పరీక్ష రాసి అడవి ఉద్యోగం తెచ్చుకున్నాను. చెట్లు, కొండలు, సెలయేళ్ళు అని కలలు కంటే, తీసుకెళ్ళి కర్నూలు పడమటి కొసన పడేశారు. అక్కడ అడవెక్కడిది? కనుచూపు మేరా నల్లరేగడి. శనగ, జొన్న, కంది, పత్తి. ఆ చేలల్లోనే కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. వాటిని కాపాడటం నా పని. వాటి నుంచి పంటను కాపాడుకోవడం రైతుల పని. నేను బండి దిగితే చాలు, "వచ్చినాదప్పా జింకల మేడం" అనేవాళ్ళు. ఒక ముసలమ్మయితే నా చెయ్యి పట్టుకుని, "నీ జింకల్ని మీ ఇంటికాడ కట్టేసుకో తల్లీ, నీకు పున్నెముంటాది" అంది. ఆమె తిట్టలేదు, బతిమాలింది. తిట్టి ఉంటేనే బాగుండేది.

నాతో కలిసి నడిచే వాచరు అరవైకి దగ్గరపడిన మనిషి. అక్కడి ఒక ఊళ్ళోనే పుట్టి, ఆ చేలకే కూలికి పోయి, ఆ ఊరి చర్చిలోనే పెళ్ళి చేసుకున్నవాడు. ఆదివారం పొద్దున మాత్రం ఎంత పెద్ద పని ఉన్నా దొరికేవాడు కాదు. తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు బయట వదిలి, చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చునేవాడు. నేను ఆయన్ను చిన్నాయనా అనేదాన్ని. మొదట్లో మేడం అన్న మనిషి నెల తిరక్కముందే పాపా అన్నాడు. నాకు అదే బాగుండేది.

నేను మొదటిసారి ఆయనతో చేలల్లోకి వెళ్ళినప్పుడు జడలో మల్లెపూలున్నాయి. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పాపా, నీకంటే ముందర నీ పూలు పోతాండాయి. జింకలు వాటితోనే మాట్లాడి ఎళ్ళిపోతాయిలే, నువ్వు నిదానంగా రా" అన్నాడు.

ఆ రోజే పూలు, పౌడరు, వాసన నూనె అన్నీ మానేశాను. తర్వాత ఒక్కొక్కటీ నేర్పాడు. గుప్పెడు దుమ్ము తీసి వదిలితే గాలి ఎటుందో తెలుస్తుంది. గాలికి ఎదురుగానే నడవాలి. తిన్నగా పోకూడదు, ఏదో వేరే పని మీద పోతున్నట్టు ఏటవాలుగా పోవాలి. జింక తల వంచితే అడుగు వెయ్యాలి, తల ఎత్తితే నిలబడిపోవాలి. ఇవి జింక బెదరకుండా ఉండటానికి. మనం బతికి బయటపడటానికి వేరే లెక్కలున్నాయి. జింక మీదే చూపు పెట్టి నడిచేవాడికి కాలికిందది కనబడదు. అంచు లేని పాత బావులుంటాయి. ఎండకు నెర్రెలిచ్చిన రేగడిలో రక్తపింజర్లుంటాయి. అన్నిటికంటే పెద్దది తీగ. పందులు, జింకలు రాకుండా కొందరు చేను చుట్టూ జానెడెత్తు గూటాలు పాతి, వాటికి సన్నటి తీగ చుట్టి, బోరు మోటరు దగ్గరి నుంచి కరెంటు కలుపుతారు. అది తప్పని అందరికీ తెలుసు. అయినా పెడతారు.

"పందికని పెడతారు, జింకకని పెడతారు. తీగకు కండ్లుండవు పాపా" అనేవాడు.

నా రెండో ఏడు మాకు రబ్బరు బూట్లు వచ్చాయి. ఆయనవి ఒక సైజు పెద్దవి. ముందుభాగంలో పాత పంచె ముక్కలు కుక్కి వేసుకునేవాడు. నడుస్తుంటే కిర్రు కిర్రుమనేవి. ఆ చప్పుడు ఆయనకు ముద్దుగా ఉండేది. రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిచి గడప పక్కన పెట్టేవాడు. "నా పెండ్లికి గూడ ఇట్లాంటివి ఏసుకోలే" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఒక్క చోట మాత్రం విప్పేసేవాడు. కళ్లంలో.

కళ్లం గురించి నాకప్పటికి ఏమీ తెలియదు. కోసిన పంటను తెచ్చి కుప్ప వేసి నూర్చే చోటు. ఆ కుప్ప ఉన్నన్నాళ్ళూ అక్కడ ఎవరూ చెప్పులేసుకుని తిరగరు. ఒకసారి నేను తెలియక బూట్లతో ఒక జొన్న కళ్లంలోంచి అడ్డం పడి నడిచాను. ఆ కళ్లం ముసలాయన అక్కడే ఉన్నాడు. నేను దాటిపోయాక చీపురు తీసుకుని నా అడుగులన్నీ ఊడ్చాడు. వెనక్కి తిరిగి చూసి సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటి నుంచి కళ్లం వస్తే నేను బూట్లతో చుట్టూ తిరిగి పోయేదాన్ని. చిన్నాయన మాత్రం మొదట్లో బూట్లు విడిచి, ఉత్త కాళ్ళతో మధ్యలోంచి నడిచి, అటు పక్క నాకోసం ఎదురుచూసేవాడు. నేనే ఆయన బూట్లు మోసుకుంటూ వెళ్ళి ఇచ్చేదాన్ని.

దాని మీద మాకు రోజూ పేచీ.

"చిన్నాయనా, విడవకూడదు. రూలు."

"రూలు నీది పాపా. కళ్లం నీదీ కాదు, నాదీ కాదు. తిండిగింజ పోసే తావు. చర్చి కాడ బయట ఇడిసేవాన్ని, ఈడ ఏసుకొని తొక్కుతానా?"

"పాము కరిస్తే?"

"మా తాత కాలం నుంచి కళ్లంలో ఉత్త కాళ్ళే. ఎవురన్నా సచ్చినారా?"

నేను గట్టిగా అరిస్తే నవ్వుతూ మళ్ళీ తొడుక్కునేవాడు. నాతోపాటు చుట్టూ తిరిగి వచ్చేవాడు. అరిస్తే వింటాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అరిచేదాన్ని.

వాళ్ళావిడకూ తెలుసు. ఆమెను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. వాళ్ళింటికి పోతే జొన్నరొట్టె, శనగాకు కూర పెట్టకుండా పంపేది కాదు. ఆయన్ను వెనక ఒకసారి కంది చేలో పాము కరిచింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్న మనిషి ఆమె. బూట్లు వచ్చిన రోజు ఆమె నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, ఆయనకు వినబడకుండా చెప్పింది.

"ఇంట్లో నా మాట ఇనడు పాపా. నీ మాటయితే ఇంటాడు. చేనికి పోయినప్పుడు ఆయప్ప కాళ్ళకు అవి ఇడవకుండా సూసుకో. ఇంకేమీ అడగను నిన్ను."

"నేను చూసుకుంటాను చిన్నమ్మా" అన్నాను. చేతిలో రొట్టె ముక్క ఉంది, నోట్లో కూర ఉంది. అంత తేలిగ్గా మాట ఇచ్చాను.

ఆ ఏడు చలికాలం చివర్లో, శనగ పీకుతున్న రోజుల్లో, మందలో ఒక ఆడజింక మెడకు ఉచ్చు బిగుసుకుని ఉండటం చిన్నాయన చూశాడు. ఎవరో కట్టిన సన్నటి ఇనుప తీగ. తెంపుకుని పారిపోయినట్టుంది, కొస వేలాడుతోంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. తీగ ఎంత లోపలికి దిగిందో దగ్గరి నుంచి ఫొటో తీసి పంపితే, దాన్నిబట్టి మత్తుమందు ఇచ్చి తీసేద్దామన్నాడు. దగ్గరి నుంచి అంటే నలభై అడుగుల నుంచి. కృష్ణజింకను నలభై అడుగుల్లో చూడటం పుస్తకాల్లో రాసినంత సులువు కాదు.

పన్నెండు రోజులు తిరిగాము. గాలి చూసుకున్నాం, మట్టిరంగు చొక్కాలు వేసుకున్నాం, పాక్కుంటూ పోయాం. శనగ చేలో పాకితే మొక్కల మీది పులుపు బట్టలకంటుకుని, మోచేతులు మండిపోతాయి. అంతా చేసి నూరడుగుల దాకా పోతే, ఆయన బూట్లు కిర్రుమనేవి. మంద మొత్తం తలెత్తేది. ఒక్క దూకుతో మొదలుపెట్టి ఆకాశంలోకి ఎగురుతున్నట్టు పోయేవి. పదో రోజుకు నాకు ఆ బూట్లంటేనే ఒళ్ళు మండింది. ఆ ఆడజింక రోజురోజుకీ మంద వెనక పడుతోంది. పై ఆఫీసరు ఫోన్ చేసి, "ఒక జింక కోసం ఎన్నాళ్ళు? ఈ వారంతో ఆపండి" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఆ ఫొటో ఎట్లాగైనా తియ్యాలనుకున్నాను. జింక మీద జాలి ఎంతో, నా పంతం ఎంతో, ఇప్పుడు విడదీసి చెప్పలేను.

పదమూడో రోజు పొద్దున్నే, అప్పుడే ఎండ పడుతుండగా, మంద ఒక శనగ కళ్లానికి అవతల మేస్తూ కనబడింది. గాలి మా వైపుకే ఉంది. మాకూ వాటికీ మధ్య పెద్ద శనగ కుప్ప. ఆ కుప్ప చాటున పోతే జింకలకు మనిషి కనబడడు. ఉచ్చు పడిన ఆడజింక అన్నిటికంటే ఇవతల, కుప్పకు దగ్గరగా ఉంది. అంత మంచి అవకాశం అంతవరకూ రాలేదు.

చిన్నాయన కళ్లం అంచున కూర్చున్నాడు. కెమెరా మెడలో వేసుకున్నాడు. ఫొటో తియ్యడం నేనే నేర్పించాను, నాకంటే బాగా తీసేవాడు. బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. పెట్టి నా వైపు చూశాడు. పెదవుల మీద సన్నగా నవ్వు. నేను అరుస్తాననీ, రూలు అంటాననీ, తాను ఏదో ఒకటి అనాలనీ ఎదురుచూస్తున్నాడు. రోజూ జరిగేదే కదా.

నేను నోటి మీద వేలు పెట్టాను. చప్పుడు చెయ్యొద్దని. తర్వాత అదే వేలితో ఆడజింక వైపు చూపించాను. పొమ్మని.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆశ్చర్యపోయాడనుకుంటాను. తర్వాత తల ఊపి, నడుం వంచి కళ్లంలోకి పోయాడు. ఉత్త కాళ్ళతో ఆయన నడిస్తే దుమ్ము కూడా లేవదు. బూట్లు లేకపోతే ఎంత నిశ్శబ్దంగా పోతున్నాడో అని మనసులో సంతోషపడ్డాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఇదంతా రాయడం దండగ. నేను సంతోషపడ్డాను.

నేను బైనాక్యులర్స్ పెట్టుకుని ఆయన్ను చూడలేదు, కుప్ప పక్క నుంచి కనబడుతున్న జింకను చూశాను. మెడ చుట్టూ తీగ, దాని కింద తడిగా ఎర్రటి పుండు, దాని మీద ఈగలు. తీశాడా, ఫొటో తీశాడా అనుకుంటుండగా మంద అంతా ఒక్కసారి లేచి దూకింది. అరుపేమీ వినబడలేదు. మనిషి పడ్డ చప్పుడు మాత్రం వినబడింది.

కుప్పకు అవతలి వైపు, జింకలు వచ్చే పక్క మాత్రమే కరెంటు తీగ పెట్టారు. గూటాల మీద పీకిన శనగ మొక్కలు జారిపడి కప్పేశాయి. జానెడు గూటం కనబడితే ఆగమని నాకు నేర్పిన మనిషి వాటిని చూడలేదు. ఆయన కళ్ళు నేను చూపించిన చోటే ఉన్నాయి. టెస్టరు నా సంచిలో ఉంది. నేను బూట్లతో కళ్లంలోంచి పరుగెత్తి, చేతికర్రతో తీగను తప్పించాను. నాకేమీ కాలేదు. రబ్బరు బూట్లున్నాయి కదా.

ఎంత పిలిచినా పలకలేదు. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కాను, ఈల ఊదాను, అరిచాను. ముందు అరవాల్సిన అరుపంతా అప్పుడు అరిచాను.

బోరు షెడ్డు వైపు నుంచి ఆ చేని రైతు పరుగెత్తుకొచ్చాడు. కళ్లం అంచుకు రాగానే ఆగి, చెప్పులు విడిచి, అప్పుడు లోపలికి వచ్చాడు. మనిషి చచ్చిపడి ఉన్నా ఆ కాళ్ళు ఆగకుండా ఉండలేకపోయాయి. వచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"రాత్రే కరెంటు పాయె మేడం. తీగ సచ్చిందిలే అనుకొని, ఇప్పకుండానే ఇంటికి పోతి. తెల్లారి మళ్ళా వచ్చిందని తెలీదు నాకు. పోయినేడు సగం చేను తినేసినాయి మేడం, ఈ ఏడన్నా నాలుగు గింజలు..." అని అక్కడే కూలబడ్డాడు.

కొన్ని నెలలు అతన్ని పట్టరాని కోపంతో తిట్టుకున్నాను. కోర్టు వాకిట్లో అతన్ని చూశాక ఆ కోపం కూడా మిగల్లేదు. నా వేలికంటే అతని తీగ పెద్ద తప్పేమీ కాదనిపించింది.

ఆ సాయంత్రం ఆఫీసరు అడిగాడు. "బూట్లు ఇచ్చాం కదా, వేసుకోలేదా?"

"కళ్లం దగ్గర విప్పేశాడు సార్."

"మీరు చెప్పలేదా?"

"రోజూ చెబుతాను సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను. రిపోర్టులో నేనే రాశాను, ఇచ్చిన బూట్లు ధరించమని పలుమార్లు హెచ్చరించినా మృతుడు పాటించలేదని. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. కాపలాకు పెట్టిన కంచే చేను మేస్తే, ఆ సంగతి రాయాల్సింది కూడా కంచే అయితే, ఇంకేం రాస్తుంది?

కెమెరాలో ఒక ఫొటో ఉంది. చాలా బాగా వచ్చింది. మెడ, తీగ, పుండు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టరుకు పంపితే, తీగ బాగా లోపలికి దిగిపోయింది, ఇది ఎక్కువ రోజులు బతకదు అన్నాడు. ఆ జింకను మళ్ళీ నేను చూడలేదు. ఎక్కడో ఏ కంది చేలోనో పడిపోయి ఉంటుంది. దాన్ని కాపాడలేకపోయాం, ఆయనా పోయాడు. ఆ ఒక్క ఫొటో తప్ప మిగిలిందేమీ లేదు. దాన్ని చెరిపేయడానికి నాకు చేతులు రావు, చూడ్డానికి కళ్ళు రావు.

చర్చి వెనక ఆయన్ను పూడ్చిపెట్టారు. అందరూ పోయాక నేను బూట్లు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కళ్లం అంచున ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉంటే తీసుకొచ్చాను. లోపల పంచె ముక్కలు అట్లాగే ఉన్నాయి. చిన్నమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. తర్వాత అడిగింది.

"ఇడవద్దని చెప్పినావు కదా పాపా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె మొహం చూశాను. నేను మాట నిలబెట్టుకున్నానన్న నమ్మకం ఒక్కటే ఆ మొహంలో మిగిలి ఉంది.

"చెప్పాను చిన్నమ్మా" అన్నాను. అంతటితో ఆగలేదు. "వినలేదు" అని కూడా అన్నాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. నాకు వేరే చోటికి బదిలీ అయింది. ట్రైనింగుల్లో మాట్లాడతాను. పోయిన నెల ఒక కొత్త వాచరు చెయ్యెత్తి అడిగాడు, "మేడం, కళ్లంలో గూడ ఇడవకూడదా?" అని. హాల్లో అందరూ నవ్వారు. విడవకూడదు అన్నాను. పెద్దవాళ్ళేమన్నా అంటే? అన్నాడు. ఊడ్చుకోనీ, ముందు నువ్వు బతుకు అన్నాను. అదే మాట ఆ పొద్దున ఒక్క ముక్క పైకి అని ఉంటే, పారిపోయేది జింకలే కదా.

ఎప్పుడైనా ఆ దారిన పోతే చిన్నమ్మను చూడకుండా రాలేను. చూసి వచ్చాక వారం రోజులు మనిషిని కాను. బూట్లు గడప పక్కనే ఉంటాయి, తడిగుడ్డతో తుడిచి. నేను పోగానే పీట వేస్తుంది, రొట్టె కాలుస్తుంది. కాలుస్తూ కాలుస్తూ ఆ బూట్ల వైపు తిరిగి ఆయన్ను తిడుతుంది.

"సూడు, పాప వచ్చింది. నెత్తీ నోరూ కొట్టుకొని చెప్తే ఇంటివా నువ్వు? ఆ పాప ఉసురు పోసుకుంటివి. మొండోడా."

నాలుగేళ్ళుగా ఆయన నా బదులు ఆ తిట్లు తింటున్నాడు. నాతో నడిచినన్నాళ్ళూ నేను అరిస్తే విన్న మనిషి. చివరి రోజు నేను చెప్పింది కూడా విన్నాడు. చప్పుడు చెయ్యొద్దంటే చెయ్యలేదు, పొమ్మంటే పోయాడు.

"తిను పాపా, సల్లారిపోతాండాది" అంటుంది చిన్నమ్మ.

నేను తల వంచుకుని తింటాను.